రెండు కార్లు, కొన్ని ఎర్ర చుక్కలు

నలభై ఆరేళ్ళ వయసు, కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం, రేపు గురువారం ఆపరేషన్ ఉన్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. తెలివి ఉందని డాక్టరు కాగితం ఇచ్చారు. ఏదీ తేల్చుకోలేనని మాత్రం అందులో రాయలేదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలైన లాయరుది. చిత్తుప్రతి చూసి, "ఇది వీలునామానా, నీ డైరీనా తల్లీ?" అంది. రెండూ కావచ్చు.

2. ఇల్లు, పుస్తకాలు, నా నీలం శాలువా మా అమ్మాయికి. అనుమానం లేనివి ఇక్కడితో అయిపోయాయి.

3. టాపు తెరిచే రెండు సీట్ల కార్లు నాకు రెండున్నాయి. ఇటలీ కారు మా నాన్నది. మెకానిక్‌గా బతికిన మనిషి, దాన్ని విప్పి బిగించగల మా తమ్ముడికి కాకుండా, స్టెప్నీ కూడా మార్చలేని నాకు రాసిపోయాడు. ఎందుకో అర్థం కాలేదు. దాని ఇంజను పాట పాడుతుంది, వాన పడితే అలుగుతుంది. నెల తిరక్కుండానే విసుగొచ్చి జపాన్ కారు కొన్నాను. తాళం తిప్పితే కదులుతుంది, గేరు టక్కున పడుతుంది, పేచీ లేదు. "అది కారు కాదక్కా, ఇస్త్రీ పెట్టె" అన్నాడు తమ్ముడు. "నీ బండ్లు రోడ్డు మీద కన్నా జాకీ మీదే ఎక్కువ ఉంటాయిరా" అన్నాను. ఆరేళ్ళుగా మాటల్లేవు.

4. కాబట్టి ఇటలీ కారు తమ్ముడికి. ఒక్కనాడూ ఆగని జపాన్ కారు అమ్మాయికి.

5. పై అంశం సోమవారం రాసింది. మంగళవారం జపాన్ కారును, ఏటా ఇచ్చే షెడ్డులోనే, సర్వీసుకిచ్చాను. అది లిఫ్టు మీద ఉండగా మొదటిసారి కింద నిలబడి చూశాను. ప్రతి బోల్టు మీదా ఎర్ర చుక్క. బిగించిన బోల్టుకు గుర్తుగా నెయిల్ పాలిష్ చుక్క పెట్టడం నాన్న అలవాటు. ఆ సీసా నాదే, నా గోళ్ళకు ఎప్పుడూ మిగిలేది కాదు. ఆయన దగ్గర ఆ పని నేర్చుకున్నవాడు ఒక్కడే. షెడ్డు మెకానిక్ తల గోక్కున్నాడు. "ప్రతి ఏడూ తమ్ముడుగారే వచ్చి చేసి వెళ్తారమ్మా. మీకు చెబితే ఊరుకోనన్నారు."

6. ఇప్పుడు ఏం రాయాలి? ఇటలీ వాళ్ళ పనితనం వేరు, జపాన్ వాళ్ళ పనితనం వేరు అని కనబడిన వాళ్ళందరికీ ఉపన్యాసాలిచ్చాను. ఇన్నాళ్ళూ ఆగకుండా నడిచింది కారా, మా వాడా? తెలియడం లేదు. మాటిమాటికీ ఆగే కారు నాకిస్తే మాటిమాటికీ తమ్ముడి దగ్గరికి వెళ్తానని నాన్న అనుకున్నాడేమో. నేనేమో ఆగని కారు కొనుక్కున్నాను. జపాన్ కారు కూడా వాడికే రాశాను, కొట్టేశాను. రెండూ ఉమ్మడిగా రాశాను, లాయరు కొట్టేసింది.

7. చివరికి నాలుగో అంశమే ఖాయం. ఒక షరతు: ఏటా సర్వీసు రోజున అమ్మాయి తన మేనమామతో పాటు కారు కింద దూరాలి. బిగించడం అతని పని, చుక్క పెట్టడం తన పని. నా అద్దం సొరుగులో ఉన్న ఎర్ర సీసా అందుకే.

8. నేను తిరిగొస్తే పైవేవీ చెల్లవు. దీని నకలు ఈ సాయంత్రమే తమ్ముడికి అందజేయవలసినవాడు షెడ్డు మెకానిక్. ఆరేళ్ళు రహస్యం మోసినవాడు, ఈ కాగితం మోయలేడా? ఒరేయ్ తమ్ముడూ, ఇటలీ కారు మా గ్యారేజీలోనే ఉంది. సీసా నేను పట్టుకుంటాను, జాకీ నువ్వు తెచ్చుకో.

తేదీ: మార్చి పదకొండు, బుధవారం

సంతకం: (చేశాను, ఈసారి కొట్టెయ్యను)

సాక్షులు:
1. పై అంతస్తు పళ్ళ డాక్టరు
2. సర్వీసు షెడ్డు మెకానిక్