వినీల మనసుకి మార్కులు

పెనుగొండ,
ఆగస్టు 11, 2024.

కువైట్‌లో ఉన్న మా చెల్లి ఆశాజ్యోతికి,

ప్రభువు పేరిట అక్క దేవకుమారి వందనాలు. దేవుని కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. అలా మొదలెట్టడం అలవాటు కాబట్టి రాశాను. మిగతాది చదివాక నువ్వే ఆలోచించుకో.

ఫోనుండగా ఈ ఉత్తరం ఏంటే అనుకుంటావు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నీ కూతురు నా పక్కనే ఉంటుంది. అది వింటుండగా దాని గురించి ఏం మాట్లాడను? సెలవుకి ఊరొచ్చిన రత్నమాణిక్యం మళ్ళీ అక్కడికే వస్తోంది కదా, మాగాయ సీసాతో పాటు దీన్నీ ఇచ్చి పంపుతున్నాను. మూత గట్టిగానే బిగించాను, నూనె కారితే దాన్నే అడుగు.

మొన్న వినీల స్కూల్లో ఓ పరీక్ష పెట్టారు. లెక్కలూ కాదు, సైన్సూ కాదు. కోపం వస్తే ఏం చేస్తారు, తోటిపిల్లలు ఏడిస్తే ఏం చేస్తారు, బాధొస్తే ఎవరికి చెప్పుకుంటారు అని ఎనిమిదో తరగతి పిల్లలందరినీ అడిగి టిక్కులు పెట్టించారట. పిల్లల మనసులు కొలుస్తారటమ్మా! మన వినీల క్లాసు ఫస్టు. సత్యప్రసాద్ మాస్టారు నన్ను పిలిపించి, తల్లి దగ్గర లేకపోయినా ఇంత నిబ్బరంగా ఉన్న పిల్లని నేను చూడలేదండీ అన్నారు. పేపరు కూడా చూపించారు. మంచాయన, ఆయన్నేమీ అనను.

పోయిన శుక్రవారం నువ్వడిగావు, పిల్ల సర్దుకుంటోందా అక్కా, సర్దుకుంటే ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టేస్తాను అని. ఈ మార్కుల సంగతి వింటే నిశ్చింతగా పెట్టేస్తావు. అదే నా భయం.

నువ్వు చూసేది శుక్రవారం వినీలని. నీ ఫోన్ వచ్చే ముందు మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, అద్దంలో ఓసారి నవ్వి చూసుకుంటుంది. సరిగ్గా రాలేదనిపిస్తే మళ్ళీ నవ్వుతుంది. చూడలేక నేను వంటింట్లోకి పోతాను. జూన్‌లో దానికి టైఫాయిడ్ వచ్చింది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ వారం నెట్ రావట్లేదని చెప్పానే, అది దాని మాటే, నేను అప్పజెప్పానంతే. ఇప్పుడు ఒట్టు తప్పుతున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

నువ్వు వెళ్ళే రోజు నిడదవోలు స్టేషన్లో దాని గడ్డం పట్టుకుని, నువ్వేడిస్తే నేనక్కడ ఉండలేనమ్మా అన్నావు. నువ్వు మర్చిపోయుంటావు. ఆ పిచ్చిది ఇంకా ఆ మాట మీదే ఉందే ఆశా.

నిన్ను తిట్టడానికి రాయట్లేదు. మీ ఆయన పోయాక, దీన్ని నర్సింగు చదివించాలని పరాయి ఇంట్లో నువ్వు పడుతున్న కష్టం నాకు తెలియదా? వచ్చెయ్యమనడానికి నోరు రావట్లేదు. ఉండమనడానికి అసలే రావట్లేదు. సంతకం పెట్టే ముందు మాత్రం ఆ మార్కులు పక్కన పెట్టి ఆలోచించు. వేళకి తిను, నడుం నొప్పికి మందు రాసుకో.

నీ కోసం రోజూ మోకరించే
అక్క,
దేవకుమారి.

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నీతో మాట్లాడటం అయ్యాక ప్రతిసారీ వినీల ఆ ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయి, కొబ్బరిమట్టల మీద కూర్చుని ఏదో గొణుక్కుంటూ ఉంటుంది. సండేస్కూలు వాక్యం వల్లె వేసుకుంటోందనుకునేదాన్ని. ఇందాక జడ వేస్తూ అడిగాను, బాధొస్తే మా అమ్మకి చెప్పుకుంటానని ఆ పేపర్లో టిక్కు పెట్టావు కదా, నేను ఒక్కసారీ వినలేదే, అబద్ధం ఎందుకు పెట్టావే అని. అబద్ధం కాదు పెద్దమ్మా, ప్రతి శుక్రవారం చెబుతాను అంది.

నువ్వు ఫోన్ పెట్టేశాక చెబుతుందట.