నాలుగు చేతుల మడత

పలమనేరు, 17-8-83, బుధవారం

జపాన్ కలం స్నేహితురాలు పంపిన మడత గీతల కాగితం ఈ రోజు కుదిరింది. పదకొండు రోజులుగా దానితోనే కుస్తీ. నిండు గీత పైకి, చుక్కల గీత లోపలికి మడవాలని రాసింది, అంతే. ఏది ముందో ఏది తరువాతో ఒక్క మాట లేదు. సరిగ్గా మడిస్తే కాగితమంతా చిన్న చిన్న చదరాల అల్లికలా రావాలట. నేనేమో ఒక మడత ముగించి ఇంకో మడతకు పోతూ వచ్చాను. ఈ మూల అణిగితే ఆ మూల లేచేది.

సాయంత్రం నేను అద్దెకున్న ఇంటామె మంగక్క గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, గడపలోనే నిలబడి చూసింది.

"ఒగొగటే మడిస్తే యాడ కుదురుతాదమ్మా? గంజి చీర మాదిరి ఇద్దరు పట్టుకోవల్ల. నువ్వు ఆడ పట్టు, నేను ఈడ పడతా."

నాలుగు చేతులూ ఒకేసారి లోపలికి నెట్టాయి. గీతలన్నీ కలిసి తిరిగి, కాగితం అరచేయంత అయి కూర్చుంది.

మంగక్క కాఫీ తాగి, పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పింది. ఈ ఊరి బడికి బదిలీ అయి వచ్చాక నా గదిలో ఇంకో మనిషి కూర్చోవడం ఇదే మొదలు. లేస్తూ, "అయిపోయె గదా, ఇంక నాతో పనేముండాది" అని నవ్వింది.

ఆమె వెళ్ళాక జపాన్‌కు ఉత్తరం మొదలుపెట్టాను. "కుదిరింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. తరువాత ఆ కాగితాన్ని మెల్లగా విప్పి, చదును చేసి, బల్ల మీద పెట్టాను.

రేపు మంగక్క అడిగితే, దానంతటదే ఊడిపోయిందని చెప్పాలి.