కదలని గుర్తు

జనవరి 18, సోమవారం

ఇవాళ కూడా నోరు పెగల్లేదు.

గోదావరిఖని చౌరస్తాలో మందుల షాపు పైన మా ఇంగ్లిష్ క్లాసు. మేడం సికింద్రాబాద్ మనిషి. రెండు నెలలు నేర్పి హైదరాబాద్ పంపిస్తారు, అక్కడ నోటి పరీక్ష. పాసైతే టూరిస్టుల సమాచార కౌంటర్‌లో ఉద్యోగం. కాకపోతే సెంటినరీ కాలనీలో మా గని క్వార్టర్, పొయ్యి, బాపు షిఫ్టుకు టిఫిన్ కట్టడం.

“ఎస్తేర్, ఒక ఫారినర్ వచ్చి రైల్వే స్టేషన్ ఎటు అని అడిగాడు. చెప్పు.”

“గో… గో…” అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళ మీద కాదు, అలా నవ్విన నా మీదే ఒళ్ళు మండిపోతోంది.

జనవరి 21

ఇవాళ నోరు తెరిచాను. తెరవకుండా ఉంటే బాగుండేది.

“గో టు ఫైవ్ ఇంక్లైన్. వెయిట్ ఫర్ షిఫ్ట్ బస్.”

“ఇంక్లైన్ అంటే?”

“గనిలోకి దిగే దారి, మేడం.”

“టూరిస్టును గనిలోకి దింపుతావా తల్లీ?”

తర్వాత బోర్డు మీద పెద్దగా రాసింది — కదలని గుర్తు. దారి చెప్పేటప్పుడు చెట్టును చెప్పొద్దట, కొట్టేస్తారు. టీ కొట్టు చెప్పొద్దు, ఎత్తేస్తారు. మనిషిని అసలే చెప్పొద్దు. రాయి, సిమెంటు, రేపు కూడా ఉండేది ఏదైనా చెప్పాలి. పుస్తకంలో రెండు గీతలు కొట్టి రాసుకున్నాను.

జనవరి 22

బాపుకు చెప్పాను. ఇరవై ఆరేళ్ళుగా భూమి లోపల బొగ్గు ఎత్తుతున్న మనిషి. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

“కదలనిది ఏడుంటది బిడ్డా? బొగ్గుబాయిల మీది కప్పు సుత కదుల్తది.”

“మరి లైటు ఆరిపోతే తొవ్వ ఎట్ల తెలుస్తది బాపు?”

“గాలి. మొకానికి తగిలితె పైకి పోతున్నట్టు. వీపుకు తగిలితె లోపటికి.”

దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో చాలాసేపు ఆలోచించాను. రాలేదు.

ఫిబ్రవరి 2

“నీకు బాగా తెలిసిన చోటికి దారి” — ఇది కంఠతా పట్టాలి. పరీక్షలో తప్పకుండా అడుగుతారట. అందరూ స్టేషన్, పార్కు, గుడి అని రాసుకున్నారు. నేను మా ఊరు రాశాను. కమాన్‌పూర్ దాటాక. ఇల్లు ఎప్పుడో అమ్మేశాం, బాపు తమ్ముడు, మా కాక, ఒక్కడే ఉన్నాడు అక్కడ. కాక, చర్చి, చర్చి వెనుక సమాధుల తోట, అందులో అవ్వ. నన్ను కన్న అవ్వ. పోయి పదేళ్ళు.

మట్టి చేసిన రోజు తర్వాత బాపు ఆ తోటలో అడుగు పెట్టలేదు. ఏటా సమాధుల పండుగకు నన్ను గేటు దాకా తీసుకొస్తాడు. అక్కడ ఆగి బీడీ ముట్టిస్తాడు. సున్నం బకెట్, కొవ్వొత్తులు పట్టుకుని నేనే లోపలికి పోతాను. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది, అదే బాధ.

“టూరిస్టుకు సమాధులు ఎందుకమ్మా, చర్చి దగ్గర ఆపెయ్” అంది మేడం. ఆపేశాను.

ఫిబ్రవరి 3

ఆపేసిన ముక్క ఇక్కడ రాస్తాను. ఇది ఇంకెవరికీ చెప్పలేదు.

అవ్వకు రాయి పెట్టలేదు. కర్ర సిలువను చెదలు తినేసింది. మొదటి సమాధుల పండుగకు గాలికి కొవ్వొత్తి నిలబడలేదు, పెట్టిన ప్రతిసారీ ఆరిపోయింది. మరుసటి ఏడు బాపు టిఫిన్ డబ్బాలోంచి అడుగు గిన్నె ఎత్తుకుపోయాను. అవ్వ తల దిక్కున మట్టిలో అంచు దాకా పాతి, అందులో వెలిగించాను. ఆరలేదు. వచ్చేటప్పుడు గిన్నె బోర్లించి మట్టి కప్పాను. అప్పటి నుంచి ఏటా తీస్తాను, వెలిగిస్తాను, బోర్లిస్తాను.

ఆ గిన్నె కోసం బాపు వారం వెతికాడు. పక్క క్వార్టర్ వాళ్ళే తీశారని కొట్లాటకు పోయాడు. వాళ్ళకూ మాకూ ఇప్పటికీ మాటల్లేవు. నేను తలుపు వెనుక నిలబడి అంతా విన్నాను. పదేళ్ళ పిల్లకు అప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు ఇంగ్లిష్ కూడా వస్తోంది, ఆ మాట మాత్రం రావడం లేదు.

ఫిబ్రవరి 11

బంద్. బస్సుల్లేవు. అద్దం ముందు ఇరవైసార్లు — మే ఐ హెల్ప్ యూ, సర్? అద్దంలో ఉన్నదానికే సాయం కావాలి.

ఫిబ్రవరి 20

పొద్దున్నే కాక వచ్చాడు. చాయ్ తాగలేదు.

“తోట ఖాళీ చెయ్యాలంటున్రు అన్నా. ఓపెన్‌కాస్ట్ తవ్వుడు గాడ దాక వచ్చింది. మార్చి పదో తారీకు లోపట ఎవలోళ్ల బొక్కలు వాళ్లు తవ్వి తీస్కపోవాలె. కాలనీ దిక్కు వేరే జాగ ఇచ్చిన్రు.”

బాపు బీడీ వెలిగించాడు. నా వైపు చూడకుండానే అన్నాడు: “నాకు ఎర్కలేదు బిడ్డా, మీ అవ్వ ఏడున్నదో. నువ్వే చూపియ్యాలె.”

“చూపిస్త బాపు.”

చర్చి కూడా పోతుందట. నేను కంఠతా పట్టిన దారి నిండా కదలని గుర్తులే. ఒక్కొక్కటే కదులుతోంది. కానీ ఆ ఇంగ్లిష్ ముక్కలు మార్చే ధైర్యం నాకు లేదు. అవి మారిస్తే మిగతావి కూడా మరిచిపోతాను.

ఫిబ్రవరి 26

పరీక్ష మార్చి తొమ్మిది. పది గంటలకు హైదరాబాద్‌లో ఉండాలి.

కాక ఫోన్. మా వరుసకు కూలీలు, పాస్టరయ్య వచ్చేది మార్చి తొమ్మిది. పొద్దున.

రెండూ విని మంచం మీద కూర్చుండిపోయాను.

మార్చి 1

మేడంను అడిగాను. “డేట్ మారదు ఎస్తేర్. నువ్వు రాకపోతే నీ తర్వాతి వాళ్ళను పిలుస్తారు, అంతే.” పాస్టరయ్యను అడిగాను. తొమ్మిది దాటితే పది ఒక్కటే మిగిలిందట, అది వేరే ఊరికి ఇచ్చాడట.

బాపు అన్నాడు: “నువ్వు పో. సచ్చినోళ్లు యాడికి పోరు, నౌకరి పోతది. నాకు తొవ్వ చెప్పి పో.”

మార్చి 7

బాపును చాప మీద కూర్చోబెట్టి తొవ్వ చెప్పాను. గేటు. ఎడమకు వేపచెట్టు. అది కొట్టేసి ఉండొచ్చు, దాన్ని నమ్మొద్దు. సారు సమాధి చూసుకో. స్కూలు సారుది, నీలం రంగు సిమెంటు సమాధి, ఊళ్ళో అదొక్కటే. దాని వెనుక వరుస. ఎడమ నుంచి మూడోది.

“సిమెంటు సమాధి. ఎనుక వరుస. మూడోది.” తిరిగి అప్పజెప్పాడు. మా క్లాసులో నాకంటే మంచి స్టూడెంటు అయ్యేవాడు.

గిన్నె మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతలోనే బాపు తన డబ్బా మూత బిగిస్తూ, “పాత డబ్బా ఎంత మంచిగుండె. దాని అడుగు గిన్నె ఏ దొంగముండకొడుకు ఎత్కపోయిండో” అన్నాడు. మింగేశాను. సిమెంటు సమాధి ఉంది కదా, చాలు అనుకున్నాను.

మార్చి 9

బస్సులోనే రాస్తున్నాను, అక్షరాలు ఎగురుతున్నాయి.

ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్ తీసుకున్నాడు. లోపల ముగ్గురు. గో స్ట్రెయిట్. టేక్ ద సెకండ్ లెఫ్ట్. యు విల్ సీ ఎ వైట్ చర్చ్. ఒక్క ముక్క తడబడలేదు. టై కట్టుకున్నాయన నవ్వి అడిగాడు — అది చూడదగ్గ చోటేనా?

“యెస్ సర్. వెరీ నైస్ ప్లేస్. యు మస్ట్ విజిట్.”

బయటికొచ్చి ఫోన్ తీస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. అన్నీ కాకవే. రోడ్డు మీదే నిలబడి చేశాను.

“ఎన్నిసార్లు చేసిన బిడ్డా, ఎత్తకపోతివి!”

“లోపటికి తీస్కపోనియ్యలేదు కాకా. అయిందా?”

“సారు సమాధే లేదు ఆడ. వాళ్ల కొడుకులు నిన్ననే తీస్కపోయిన్రట. అంతా గుంతలే. మీ బాపు గీడ, గాడ అనుకుంట తిరిగిండు. పాస్టరయ్యకు టైమాయె. ఆఖరికి ఒకటి తవ్వినం.”

“బొక్కలు ఎల్లినయా?”

“ఎల్లినయ్. మీ బాపు పట్టుకొని మస్తు ఏడ్సిండు.”

“తల దిక్కు ఏమన్న గిన్నె దొరికిందా?”

“ఏం గిన్నె?”

మార్చి 10

కాలనీ చివర కొత్త జాగా. ఎర్రమట్టి, వరుసగా కొత్త దిబ్బలు. అవ్వదని చెప్పిన దిబ్బకు బాపు స్వయంగా సున్నం కొట్టాడు. గోళ్ళలో ఇంకా తెల్లగా ఉంది.

“మంచిగున్నదా బిడ్డా?”

“మంచిగున్నది.”

మార్చి 19

ఉత్తరం వచ్చింది. సెలెక్ట్. ఏప్రిల్ ఐదు, సోమవారం చేరాలి.

బాపు షిఫ్టు దిగి ఇంటికి రాకుండా నేరుగా కొత్త జాగాకు పోయాడు. రోజూ పోతున్నాడు. పదేళ్ళు గేటు దాటని మనిషి బకెట్‌తో నీళ్ళు చల్లుతాడు, పక్కన కూర్చుంటాడు, ఆమెతో మాట్లాడతాడట. “మీ అవ్వకు చెప్పిన నీ నౌకరి ముచ్చట” అన్నాడు వచ్చి. ముఖం తేటగా ఉంది. ఈ పదేళ్ళలో బాపును ఇలా చూడలేదు.

గిన్నె మట్టిలో కిందికి దిగిపోయి ఉండొచ్చు. గడ్డపారకు తగలకపోయి ఉండొచ్చు. అది అవ్వే అయి ఉండొచ్చు. రోజూ ఇదే.

మార్చి 28, మట్టల ఆదివారం

ఆరాధన అయ్యాక చేతిలో ఈతమట్ట అలాగే పట్టుకుని ఆటో ఎక్కాను. ఊరు ఉన్న వైపు మట్టి గుట్టలు. చర్చి లేదు. తీగ కంచె, దాని దగ్గర ఒక ముసలి గార్డు.

“బ్లాస్టింగ్ జాగ బిడ్డా, ఎవలూ పోవద్దు.”

“మా అవ్వ ఉన్నది లోపట.”

ఆయన నా చేతిలో మట్టను చూశాడు. “పది నిమిషాలు. ఈస్టర్ ఎల్లినంక, సోమవారం మధ్యాహ్నం పేలుస్తరు గీ మిగిలిన బెత్తెడు జాగ.”

వేపమొద్దు మిగిలింది. నమ్మొద్దని నేను చెప్పిన చెట్టు. దానికి వీపు ఆనించి నిలబడి, చిన్నప్పుడు వేసినట్టే సీదాగా పన్నెండు అడుగులు వేశాను. మా వాళ్ళు తవ్విన గుంత కనిపించింది. దానికి ఎడమ పక్కన, రెండు మూరల దూరంలో, ఎవరూ తాకని నేల.

చేత్తోనే గీకాను. అంచు తగిలింది. తిరగేశాను. గిన్నె లోపల మైనం అలాగే ఉంది.

గార్డు దూరం నుంచి పిలిచాడు. గిన్నె తీసుకురాలేదు, తెస్తే అవ్వకు గుర్తు పోతుంది. బోర్లించి, మట్టి కప్పి, పైన ఈతమట్ట పెట్టి వచ్చాను.

మార్చి 30

చెప్పలేదు.

ఏప్రిల్ 1

మరి బాపు రోజూ నీళ్ళు చల్లేది ఎవరికి? ఎవరి అవ్వకో. ఎవరి బిడ్డకో. వాళ్ళ వాళ్ళు వచ్చి గుంత చూసుకుని ఎలా తిరిగిపోయారో.

ఏప్రిల్ 2, శుభ శుక్రవారం

ఉపవాసం. అన్నం లేదు, వంట లేదు, తప్పించుకోవడానికి పని లేదు. బాపు ఎదురుగా కూర్చున్నాను.

“బాపు, ఒక మాట.”

“హైదరాబాద్ అంటె భయమైతుందా? ఫికర్ చెయ్యకు. మీ అవ్వ ఇప్పుడు దగ్గర్నే ఉన్నది. నేను ఒక్కన్ని కాదు.”

“అదే చెప్దామనుకున్న” అన్నాను.

నేను పిరికిదాన్ని. ఇది కూడా కదలదు.

ఏప్రిల్ 4, ఈస్టర్

తెల్లవారుజామున అందరం కొత్త జాగాలో. పాటలు, కొవ్వొత్తులు. గాలికి బాపు కొవ్వొత్తి ఆరుతూనే ఉంది, చేతులు అడ్డం పెట్టి నాలుగుసార్లు వెలిగించాడు. “ఏందిరా గిది, నిలవడతలేదు” అని నవ్వాడు. నేను పక్కకు తిరిగాను.

నాలుగింటికి నా బస్సు. రేపు పొద్దున పదింటికి కౌంటర్‌లో నిలబడి లోకంలో ప్రతివాడికీ దారి చెబుతాను. రేపు మధ్యాహ్నం అక్కడ పేలుస్తారు. మధ్యలో మిగిలేది రేపటి ఉదయం ఒక్కటే. బాపు, కాక, రెండు గడ్డపారలు. చాలు. ఆ గార్డు మంచివాడు.

ఆదివారమైనా బాపుకు రెండో షిఫ్టు ఉంది. టిఫిన్ కట్టాను. బాపు కూడబలుక్కుని చదువుతాడు, అందుకని పెద్ద అక్షరాలు రాశాను:

తీగ కంచె దగ్గర ముసలి గార్డును అడుగు. వేపమొద్దు కనపడ్తది. దానికి వీపు పెట్టి నిలబడు. సీదా పన్నెండు అడుగులు. మీరు తవ్విన గుంత వస్తది. దానికి ఎడమ పక్క రెండు మూరలు. గడ్డపార వద్దు, చేత్తో తియ్యి. నీ పాత డబ్బా గిన్నె తగుల్తది. నేనే ఎత్కపోయిన బాపు. అవ్వ ఆడ ఉన్నది.

మడిచి డబ్బా మూత కింద పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.

సైరన్ కూసింది. బాపు గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు. “జల్ది తే బిడ్డా, షిఫ్టు బస్సు పోతది” అంటున్నాడు. డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది.