అక్కా, నువ్వూ చూపించుకో

ఫిల్మ్‌నగర్

సత్యవతక్కకి హైమ నమస్కారాలు.

ఫోన్లో నీకు సరిగ్గా వినిపించదని కార్డు రాస్తున్నాను. కంగారుపడకుండా చదువు. ఏడాదిగా నాకు మూత్రంలో మంట, అప్పుడప్పుడు రక్తం చుక్కలు. డబ్బింగ్ చెబుతూ చెబుతూ మధ్యలో బయటికి పరుగెత్తేదాన్ని. ఇన్‌ఫెక్షనని మాత్రలిస్తే వాడాను, తగ్గలేదు. చివరికి కోడలు గీతిక పట్టుబట్టి బంజారాహిల్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆవిడ పరీక్ష చేసి, "ఇన్నాళ్ళు గోలీలే మింగిన్రా అమ్మా, ఎవరూ చూడలేదా?" అంది.

"చూస్తామని ఎవరూ అనలేదండీ" అన్నాను.

మూత్రం వచ్చే దారి అంచున చిన్న కండ ఉందట. "ఈ వయసుల గిట్ల కండ చాలామందికి వస్తది, ఏం కాదు. మీది మాత్రం గట్టిగున్నది. ముక్క తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తది" అంది.

పంపారు. క్యాన్సరే. ఆ చోట రావడం చాలా అరుదట. తర్వాత కెమెరా గొట్టంతో చూశారు, స్కాన్ తీశారు. ఇంకెక్కడికీ పాకలేదు. గురువారం ఆపరేషన్. ఇప్పుడు ధైర్యంగానే ఉన్నాను.

బావగారి మోకాలు ఎలా ఉంది? ఆయన్ని వదిలి నువ్వు రావద్దు, గీతిక ఉంది. నిమ్మకాయ పచ్చడి మాత్రం పంపు.

మొన్న పెళ్ళిలో నీకూ మంటగా ఉందన్నావు. మూత్రపరీక్షతో సరిపెట్టుకోకు. స్వయంగా చూడమని డాక్టరమ్మని నోరు తెరిచి అడుగు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు. ఇవన్నీ కార్డు మీద రాశానని కోప్పడకు. పోస్టుమాన్ చదివితే చదవనీ, వాళ్ళింట్లోనూ ఆడవాళ్ళుంటారు.

నీ చెల్లెలు,
హైమ