పల్లవి ఎక్కిన బరాత్ గుర్రం

ఫిబ్రవరి 5, 2007
వనపర్తి క్యాంపు. డాక్టరమ్మ చెప్పింది — గుర్రం నడకకు పల్లవి బిగుసుకున్న కాళ్లు సడలుతాయట, నడుముకు బలమొస్తుందట. కరపత్రం ముచ్చటగా ఉంది. గుర్రమే... గద్వాల ఖాసిం పెండ్లిళ్లకు తిప్పేది. మెడకు ఇంకా జరీ ముక్క వేలాడుతోంది. మనవరాలి చికిత్సకు పెండ్లికొడుకుల వాహనం!

ఫిబ్రవరి 7
లద్దె కంపు, ఈగలు. ఖాసిం కళ్లెం పట్టి, డాక్టరమ్మ పిల్ల నడుం పట్టి, మైదానం ఆ చివరికీ ఈ చివరికీ. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

ఫిబ్రవరి 14
డాక్టరమ్మ చెయ్యి తీసింది. పల్లవి ఒరగలేదు. ఏడేళ్లలో మొదటిసారి తనంతట తాను కూర్చుంది. కొంగు ఈసారి కళ్లకు. దుమ్ము.

ఫిబ్రవరి 19
ఛీ.
రెండు వారాలుగా నడుస్తున్న క్యాంపుకు ఈరోజు ప్రారంభోత్సవం. నాయకుడు రెండు గంటలు ఆలస్యం. అంతసేపూ చక్రాల కుర్చీల పిల్లలు ఎండలో వరసగా. ఆయన స్వాగతానికి డప్పులు సిద్ధం. ఖాసిం ఒక్కొక్కరినీ బతిమాలాడు — "జర డప్పులు ఆపుండ్రి సార్. డప్పు ఇంటే ఇది ఆడతది." ఎవరికి పట్టింది? ఫోటో కోసం పల్లవిని ఎక్కించారు. నేనూ ఎక్కించనిచ్చాను, అదీ రాసుకోవాలి.
డప్పు మీద మొదటి దెబ్బకే గుర్రం ముందు కాళ్లెత్తింది. పెండ్లిళ్లలో నేర్పిందే చేసింది పాపం. పిల్ల జారి ఖాసిం భుజం మీద పడింది. జనం ఇదీ ప్రోగ్రామే అనుకుని చప్పట్లు. ఒకడు ఈల.

ఫిబ్రవరి 20
పేపర్లో నాయకుడి ఫోటో. అందులో పల్లవిది ఒక కాలు మాత్రం పడింది.

ఫిబ్రవరి 22
క్యాంపు మూసేశారు. తప్పు గుర్రానిదట. డప్పులు పెట్టించినవాళ్లే తేల్చారు.
మా శ్రీను — "ఇంగ గుర్రం పేరెత్తకమ్మా. నా బిడ్డ బతికింది, గంతే చాలు." వాడు తండ్రి. వాడి మాటలో తప్పు లేదు, అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.
పల్లవి మళ్లీ పక్కకు ఒరుగుతోంది. "అవ్వా, గుర్రం అలిగిందా?"

మార్చి 2
చీర కొనాలని శ్రీనుకు చెప్పి గద్వాల బస్సెక్కాను. అబద్ధం నిలబడాలని చీరా కొనాల్సొచ్చింది. పల్లవిని మళ్లీ ఎక్కించమని అడిగితే ఖాసిం గుర్రాన్ని తోముతూ విన్నాడు. చివరికి — "ఎల్లుండి పెండ్లికి మీ ఊరికే వస్తున్న టీచరమ్మా. పొద్దుగాల ఆరింటికి తెస్త. గని డప్పు ఇనరాని తావు మీరే జూడుండ్రి."

మార్చి 3
రేపే. డాక్టరమ్మ సరేనంది. శ్రీనుకు చెప్పలేదు. ఊరవతల ప్లాట్ల జాగా చూసిపెట్టాను — రాళ్లు పాతారు, ఇండ్లు లేవు, మనుషులు అసలే లేరు.
సాయంత్రం మళ్లీ పోతే పక్కనే పందిరి గుంజలు పాతుతున్నారు. డప్పులు ఎన్నింటికని అడిగాను. "గది పెండ్లోళ్లకే తెల్వదమ్మా."
పల్లవి రేపటికని ఇప్పుడే జడలేయించుకుని కూర్చుంది. గోడకు ఆని.