రోబో ఎడమ భుజం

సెప్టెంబర్ 11
పార్సిల్ వచ్చింది. మళ్లీ కుడి కాలే. ఇప్పుడు రెండు కుడి కాళ్లు.
నేను చూసే కార్టూన్ సీరియల్‌లోని పెద్ద రోబోను విడిగా అమ్మరు. చిన్న బొమ్మలు కొంటే ఒక్కో పెట్టెలో దాని ముక్క ఒకటి ఉంటుంది. ఏ ముక్కో పైన రాయరు. నాకు ఎడమ చెయ్యి ఒక్కటే రావాలి...

సెప్టెంబర్ 13
బొమ్మలు సేకరించేవాళ్ల గ్రూపులో రిమి అనే బెంగాలీ అమ్మాయి. ఎడమ చేతులు రెండున్నాయట. కుడి కాలు ఇస్తే మార్చుకుంటుంది. వచ్చే శనివారం గరియాహాట్ బజారులో అందరూ కలుస్తారు. "రోబోను తీసుకురా, అక్కడే బిగిద్దాం."
"సరే" అని పంపడానికి గంట పట్టింది. కాన్వెంట్‌లో పన్నెండేళ్లు చేతులు కట్టుకొని కూర్చున్నదాన్ని. కొత్తవాళ్లతో ఏం మాట్లాడను?

సెప్టెంబర్ 16
రేపు విశ్వకర్మ పూజ. ఏటా ఈ రోజు నాన్న ఇంట్లోని యంత్రాలన్నీ తుడిచి నూనె వేస్తాడు — సైకిలు, కుట్టుమిషను, ఫ్యాను. లైబ్రరీ నుంచి వచ్చేసరికి నా రోబో కూడా మెరుస్తోంది.
"కీళ్లు బిగుసుకుపోనాయమ్మా. భుజంలో నాలుగు సుక్కలేశాను. ఇప్పుడు సూడు, ఎలా తిరుగుతున్నాదో."
వంటింట్లోంచి అమ్మ: "బొట్టు కూడా ఎట్టేయండి మరి, రేపు పూజకి తీసుకెల్లిపోదురు!"
నాన్న పడీపడీ నవ్వాడు. వేళ్లు వణుకుతున్నాయని రైల్వే వర్క్‌షాపులో ఆయన్ను బెంచి పని నుంచి తీసి పనిముట్లు ఇచ్చే టూల్‌రూములో కూర్చోబెట్టాక, ఇలా నవ్వడం ఇదే మొదలు.

సెప్టెంబర్ 17
నిజంగానే బొట్టు పెట్టాడు.

సెప్టెంబర్ 20
వెళ్లాను.
టీ కొట్టులో ఎనిమిదిమంది. రిమి రోబో ఎడమ చెయ్యి అందించింది. భుజంలోకి నొక్కాను. టక్‌మంది — భుజం నిలువునా చీలింది.
రిమి తీసుకొని వాసన చూసింది. "ఎ మా, అయ్యో, మెషిన్ ఆయిల్! ఈ ప్లాస్టిక్‌కి పడదు, పెళుసైపోతుంది. ఎవరు వేశారు?"
"నేనే."
అంతమంది ముందు మొదటిసారి గట్టిగా మాట్లాడాను. అదీ అబద్ధం.
రిమి నవ్వలేదు. తన జుట్టు రబ్బరు తీసి భుజానికి చుట్టింది. "రేపు లిలువాలో మీ ఇంటికి వస్తా, అతికిద్దాం. నా రోబోనీ తెస్తా."
ఇంటికొచ్చాక నాన్న: "అమిరిందేటమ్మా?"
"అమిరింది."
రిమి వస్తోందనీ, తన రోబోను తెస్తోందనీ చెప్పాను. అమిరిందన్న దగ్గరే ఆగాల్సింది...
"అయితే ఆ పిల్ల బొమ్మకీ నూనేసి ఇచ్చేద్దుము."
పగిలింది నూనె వల్లేనని చెబితే — చేతులతో పాటు తన బుర్ర కూడా పోయిందని అనుకుంటాడు. పైకి అనడు. అదే భయం.

సెప్టెంబర్ 21
రిమి మెసేజ్. స్టేషన్‌లో దిగిందట. నడిస్తే పది నిమిషాలు.
ముందు గదిలో నాన్న పాత పేపరు పరిచాడు. నూనె డబ్బా, మెత్తటి గుడ్డ. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మతో అంటున్నాడు: "టీ ఎట్టవే. ఆ పిల్ల తాగీసరికి నా పనయిపోద్ది."
రిమికి అంతా తెలిసిపోతుంది, డబ్బా చూడగానే. పరాయి పిల్ల నోట నాన్న ఆ మాట వినకూడదు. నేనే చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.
లోపలి గదిలోంచే పిలిచాను — "నాన్నా."
"ఏటి తల్లీ?"