తేనెటీగల రొట్టె

ఏప్రిల్ 27, ఆదివారం

ఆపిల్ చెట్లు విరగబూశాయి. మధ్యాహ్నం అంతా తేనెటీగల ఇంట్లోనే ఉన్నాను. నాన్న కట్టిన చెక్కగది. గోడలో రెండు వరుసలుగా పధ్నాలుగు పెట్టెలు. ఈగలు ముందువైపు నుంచి పొలంలోకి ఎగిరిపోతాయి, మనం వెనకవైపు బీరువా తలుపు తెరిచినట్టు తెరిచి చూసుకుంటాం. పధ్నాలుగూ కిక్కిరిసి ఉన్నాయి.

నాన్న పోయి మూడేళ్ళు. పొలం తమ్ముడు ఎకార్ట్‌కి, ఈగలు నాకు. అదేం పంపకమని ఊళ్ళో నవ్వారు. నవ్వనీ. నలభై ఏళ్ళలో ఆయన ఒక్క రాణి ఈగను కూడా బయట నుంచి తేలేదు. ఈ వంశం ఈ గదిలో తప్ప మరెక్కడా లేదు. టౌన్లో మందుల షాపు నడుపుకునే నాలాంటి దాని చేతిలో ఇవి నిలుస్తాయా అని ఆయనకు అనుమానం ఉండేది. నాకు ఇప్పటికీ ఉంది.

ఏప్రిల్ 29, మంగళవారం

ఎకార్ట్ మొక్కజొన్న విత్తాడు. తూర్పుగాలి, నేల పొడిగా ఉంది. కాఫీకి వచ్చినప్పుడు వాడి అరచేతులు గులాబీ రంగులో ఉన్నాయి. ఏమిట్రా అంటే విత్తనాల పూత అన్నాడు. వేరు పురుగు రైన్ నది దాటి వచ్చిందట, ఈసారి గట్టి మందు పూసిన గింజలే వేయాలని వ్యవసాయ ఆఫీసు వాళ్ళు చెప్పారట.

నేను సంచిలో చెయ్యి పెట్టి చూశాను. అడుగున పొడి. మా షాపులో మాత్రల సీసా అడుగున ఇంత పొడి కనిపిస్తే వాపసు పంపేస్తాం అన్నాను. వాడు నవ్వాడు. అయితే నీ మాత్రలు హెక్టారుకి ఎన్ని పడతాయో చెప్పక్కా, వచ్చే ఏడు అవే విత్తుకుంటా, పంటకి జలుబైనా తగ్గుతుంది అన్నాడు. నేనూ నవ్వాను.

తర్వాత కిటికీలోంచి చూస్తే, యంత్రం ఫ్యాను ఊదిన దుమ్ము గట్టు మీద పూసిన డాండిలయన్ల మీదుగా పోతోంది. చూశాను. ఇది రాసి పెట్టుకోవాలి: చూశాను.

మే 1, గురువారం

సెలవు. ఎకార్ట్ ఇంట్లో తెల్ల ఆస్పరాగస్, హామ్. వాన లేదు.

మే 5, సోమవారం, ఉదయం 7

పెట్టెల ముందు పలకలు నల్లగా ఉన్నాయి. దూరం నుంచి తడి అనుకున్నాను.

మే 5, రాత్రి

షాపుకి వెళ్ళలేదు. చచ్చినవాటికంటే చావనివాటిని చూడలేకపోయాను. వెల్లకిలా పడి బొంగరంలా తిరుగుతున్నాయి. నాలుకలు బయటికి వచ్చేశాయి. ఎగరబోయి ముందుకు తూలి పడుతున్నాయి. కాళ్ళకు పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి, బజారు నుంచి సంచీతో వస్తూ గుమ్మంలో కూలబడినట్టు. చీపురుతో ఊడ్చి బకెట్లోకి ఎత్తాను. నిండింది. మళ్ళీ ఊడ్చాను.

మే 6, మంగళవారం

ఓథ్మార్ గారు మోపెడ్ మీద వచ్చారు. తేనెటీగల సంఘం అధ్యక్షుడు, నాన్నకు స్నేహితుడు, డెబ్బై తొమ్మిదేళ్ళు. ఎప్పుడూ ఏదో ఒక వెక్కిరింతతోనే లోపలికి వచ్చే మనిషి ఇవాళ టోపీ తీసి నిలబడ్డారు. తర్వాత, మందుల షాపు పిల్లా, ఏడుపు రేపటికి దాచుకో, ముందు తాజాగా చచ్చినవాటిని ఏరు అన్నారు. వెయ్యి కావాలట. బయటివాళ్ళు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. గట్టు మీది పూలు కావాలి, అవి పొలం యజమాని ఒప్పుకుంటేనే. అన్నీ గడ్డకట్టించి పరిశోధన కేంద్రానికి పంపాలి.

లెక్కపెట్టి సంచిలో వేశాం. మా ఫ్రీజర్‌లో ఇప్పుడు వనిల్లా ఐస్‌క్రీమ్ పక్కన వెయ్యి ఈగలు.

ఫారంలో ఒక గడి ఉంది: అనుమానం ఉన్న పొలం ఎవరిది? కలం ఆగింది. ఓథ్మార్ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఎకార్ట్ పేరు రాశాను.

మే 8, గురువారం

వాడికి నేను చెప్పకముందే ఎవరో చెప్పేశారు. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చాడు. లోయంతా ఇరవై ట్రాక్టర్లు అవే గింజలు విత్తాయి, నీకు కనిపించింది నేనొక్కడినేనా అని అరిచాడు. గాలి నీ చేను మీదుగా వచ్చింది అన్నాను. గాలికి కూడా నేనే యజమానినా అన్నాడు. నాన్న ఈగల్ని నువ్వే చంపావు అన్నాను.

అనేశాను. ఎప్పటి నుంచో నోట్లో నానుతున్నట్టు వచ్చింది ఆ మాట.

వాడు వెళ్ళిపోయాడు. పావుగంటకు తిరిగొచ్చి సంచినిండా డాండిలయన్ పూలు టేబుల్ మీద పెట్టాడు. ఇదిగో నీ సాక్ష్యం, నా చేతుల్తో కోశాను, అది కూడా ఫారంలో రాసుకో అన్నాడు.

మే 12, సోమవారం

పన్నెండు పోయాయి. గాలికి చాటుగా ఉన్న చివరి రెండే మిగిలాయి. పోయినవాటిలోని తేనెను వేరే ఈగలు దోచుకోకుండా అన్ని పెట్టెల ముందువైపు చెక్కతలుపులు కూడా మూసేశాను. మిగిలిన రెండు కుటుంబాలను ప్రయాణపు పెట్టెల్లోకి మార్చి, తెల్లవారుజామునే కొండ మీద ఆవులు మేపుకునే లియోబా పశువుల దొడ్డికి తీసుకెళ్ళాం. అంత ఎత్తులో మొక్కజొన్న పండదు. గడ్డి, ఆవులు, ఫర్ చెట్లు.

అడగకుండానే ఎకార్ట్ ట్రైలర్ తెచ్చాడు. ఒక మలుపు దగ్గర, పైన చలిగా ఉంటుంది, వాటికి కప్పడానికి ఏమైనా తెచ్చావా అని అడిగాడు. తల ఊపాను.

మే 15, గురువారం

పైన ఇంకా వసంతం రాలేదు. పువ్వు లేదు, పుప్పొడి లేదు. చక్కెర పాకం పెట్టాను గానీ పిల్లలను పెంచడానికి పాకం చాలదు, పుప్పొడి కావాలి. రాణులు గుడ్లు పెట్టడం మానేశాయి.

మధ్యాహ్నం గుర్తొచ్చింది. కింద చచ్చిన పెట్టెల్లో పట్టుల నిండా రొట్టె ఉంది. ఈగలు పుప్పొడిని తేనెతో కలిపి గదుల్లో కూరి పులియబెట్టుకుంటాయి, దాన్నే మేం రొట్టె అంటాం. రొట్టె ఉన్న పట్టు పారేసేవాడు కోళ్ళు పెంచుకోవాలి, ఈగలు కాదు అనేవాడు నాన్న. ఇక్కడ అందరూ చేసేది అదే: పోయినవాళ్ళ రొట్టె ఆకలిగా ఉన్నవాళ్ళకు. కిందికి వెళ్ళి పట్టు తీసి వాసన చూశాను. పులుపు, పూలు. పసుపు, నారింజ, ఆకుపచ్చ గదులు, చర్చి కిటికీలా. పైకి తెచ్చి ఒక్కో పెట్టెలో రెండేసి పెట్టాను.

ఎగబడి తిన్నాయి. లియోబా చూసి, పెళ్ళివారిలా ఉన్నారే అంది. పది రోజుల తర్వాత ఇవాళ ఆకలేసింది నాకు.

మే 19, సోమవారం

రెండు రాణులూ గుడ్లు పెడుతున్నాయి! ఓథ్మార్ గారికి ఫోన్ చేశాను. మీ నాన్న వంశం నిలబెట్టావు పిల్లా, సంఘం పత్రికలో వేస్తాను అన్నారు. వద్దనలేదు.

మే 27, మంగళవారం

లియోబా ఫోన్. నీ ఈగలు ఎగరడం మానేసి గడ్డిలో నడుస్తున్నాయమ్మా, ఆవులు తొక్కుతున్నాయి, ఏం చెయ్యను అంది.

మే 28, బుధవారం

ఒక పెట్టె ఖాళీ. రెండోదాంట్లో రాణి, చుట్టూ గుప్పెడు ఈగలు, అవి కూడా వణుకుతున్నాయి. చూస్తుండగానే తగ్గాయి. పెట్టిన పట్టులు మాత్రం తళతళలాడుతున్నాయి, నాకినట్టు శుభ్రంగా.

చలేమో. ఈగలను పీల్చే వర్రోవా పేనేమో. నేనే ఎక్కడో తప్పు చేశానేమో. ట్రైలర్ దగ్గర ఎకార్ట్ చాలాసేపు కాలితో గులకరాళ్ళు కదిపి, ఇక్కడ మొక్కజొన్న లేదు కదక్కా అన్నాడు. గొంతులో ఆశ. ఆ ఆశ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

జూన్ 6, శుక్రవారం

ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగ్. లోయలోని ఈగలవాళ్ళందరూ వచ్చారు, అరవై మందికి పైనే. విత్తనాల కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు, నెమ్మదస్తుడు, మంచి బూట్లు. మీ బాధ అర్థమవుతోంది అని మొదలుపెట్టి, మొక్కజొన్న లేని కొండ మీదికి చేర్చి రెండు కుటుంబాలను నిలబెట్టారని మీ పత్రికలోనే చదివాను, అవి కూడా ఇవే లక్షణాలతో పోయాయని ఇప్పుడే తెలిసింది, మరి దానికి ఏ విత్తనం కారణమంటారు అని అడిగాడు. వినయంగానే అడిగాడు.

తలలన్నీ నా వైపు తిరిగాయి. మా అందరి ఫిర్యాదూ నా రెండు పెట్టెల మీద ఆగిపోయింది.

ఓథ్మార్ గారు హాలు అవతలి నుంచి, పైన వాటికి ఏం పెట్టావు పిల్లా అని అడిగారు. ఆయన అడిగిన ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. చక్కెర పాకం అన్నాను.

అబద్ధం కాదు. పాకం కూడా పెట్టాను.

జూన్ 7, శనివారం

గింజకు పూసింది దుమ్ములోకి, దుమ్ములోది పువ్వులోకి, పువ్వులోది పుప్పొడిలోకి. రొట్టె అంటే ఏమిటి? ఆ వారం అవి మోసుకొచ్చిన పుప్పొడి. ఎకార్ట్ విత్తిన వారం. మాత్రల పొడి గురించి తమ్ముడికి పాఠం చెప్పినదాన్ని. ఇరవై ఏళ్ళుగా ప్రతి డబ్బా మీదా తారీఖు చూడనిదే చేతికివ్వనిదాన్ని. పట్టు తీసి వాసన చూశానట.

నాన్న రోజుల్లో రొట్టె రొట్టెగానే ఉండేది. అది సాకా, కారణమా? తేల్చుకోలేకపోతున్నాను.

మిగిలిన పట్టులోంచి ఒక ముక్క కోసి పరిశోధన కేంద్రానికి పంపాను.

జూన్ 17, మంగళవారం

రిపోర్టు. గింజలకు పూసిన మందు చచ్చిన ఈగల్లో ఉంది. రొట్టెలో అంతకంటే ఎక్కువ ఉంది.

జూన్ 18, బుధవారం

పొద్దున ఆఫీసు మనుషులు వచ్చి పధ్నాలుగు పెట్టెల వెనక తలుపులకూ ముద్రలు వేశారు. సాక్ష్యం కనుక కేసు తేలేదాకా లోపలి పట్టులను కదపకూడదు.

సాయంత్రం ఎకార్ట్ దగ్గరికి వెళ్ళాను. విత్తనాల యంత్రానికి గ్రీజు పెడుతున్నాడు. కొండ మీదివి నేనే చంపాను, కింద పోయినవాటి రొట్టె పెట్టాను అన్నాను. ఎదురుగా నిలబడే చెప్పాను, వాడు ఏమంటాడో అదంతా పడడానికి సిద్ధపడే వెళ్ళాను. వాడు గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. నాన్న చెప్పినట్టే కదా చేశావు అన్నాడు. అవునన్నాను. నేను సంచి మీద రాసినట్టే చేశాను అన్నాడు.

గుడ్డ పక్కన పడేసి, మనిద్దరం మహా బుద్ధిమంతులం అక్కా, చెప్పినమాట జవదాటం అన్నాడు.

జూన్ 20, శుక్రవారం

మళ్ళీ మీటింగ్. హాల్లో లేచి రొట్టె సంగతి చెప్పాను. చదవడానికి కాగితం తీసుకెళ్ళాను గానీ అక్కర్లేకపోయింది, మూడు వాక్యాలే. మందులమ్మే ఆవిడకే విషం తెలియలేదట అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. కంపెనీ పెద్దమనిషి నోట్‌బుక్‌లో ఒక్క లైను రాసుకుని కింద గీత గీశాడు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. పెంపకందారుల పొరపాటు అని రాశాడు. విషం ఎక్కడిదో రాయలేదు. ఆ రిపోర్టు కూడా అతని ముందే ఉంది.

బయట ఓథ్మార్ గారు మోపెడ్ స్టార్ట్ చేయకుండా కూర్చున్నారు. పోయిన వారం నుంచి ఏడుగురు ఒక్కొక్కరే వచ్చి చెవిలో చెప్పారట, తామూ రొట్టె పెట్టామని. లోపల ఒక్కరూ లేవలేదు కదండీ అన్నాను. ఎనిమిదోవాడు నేనేలే పిల్లా, నేను మాత్రం లేచానా అన్నారు.

జూన్ 22, ఆదివారం

పదకొండింటికి ఎక్కడిదో ఒక ఈగల గుంపు గూడు వెతుక్కుంటూ వచ్చి తేనెటీగల ఇంటి మీద వాలింది. గడ్డంలా వేలాడే గుత్తి. మూసిన తలుపుల మీద నడుస్తూ, సందుల దగ్గర ఆగి, లోపలి వాసన చూస్తున్నాయి. లోపల ఉన్నది ఆ రొట్టే. తనంతట వచ్చిన గుంపుకు తలుపు మూయకూడదనేవాడు నాన్న.

ఎకార్ట్ నిచ్చెనా బుట్టా తెచ్చాడు. పట్టుకుందామా అక్కా, కొత్త పెట్టె కొంటాను అన్నాడు. చుట్టూ వాడి మొక్కజొన్న మోకాలెత్తు ఉంది. నేను తలుపుల సందుల్లో బంకమన్ను కూరుతున్నాను. కొంతసేపు చూసి బుట్ట పక్కన పెట్టాడు. మన్ను తడిపి అందించాడు. పధ్నాలుగూ పూర్తయ్యాయి.

రెండింటికి లేచాయి. ఎటు వెళ్ళాయో చూశాను. రాయను.